పటం ముందు నేను అనని మాట

పోయిన ఆదివారం పొద్దున రజిత వచ్చింది. ఒకప్పుడు ఇంటర్‌లో నా దగ్గర జువాలజీ చదువుకున్న పిల్ల. ఇప్పుడు హన్మకొండలో ఒక ప్రైవేటు బడిలో పదో తరగతికి జీవశాస్త్రం చెబుతోంది. ఎప్పుడొచ్చినా గేటు దగ్గర నుంచే గలగలా మాట్లాడుకుంటూ వచ్చే మనిషి, ఆ రోజు గమ్మున వచ్చి కుర్చీలో కూర్చుంది. చాయ్ చేతికిస్తే ఊదుకుంటూ చల్లార్చింది గానీ తాగలేదు. "జీవపరిణామం పాఠం చెప్పొద్దంటాండ్రు మేడం," అంది చివరికి. పాఠం మొదలుపెట్టిన రోజే ఒక పిల్లవాడి తండ్రి ఫోన్ చేసి, దేవుడు పుట్టించిన మనుషులను కోతులను చేస్తారా అని గొడవపడ్డాడట. ఆయన రోజూ గుడికి పోయే మనిషి. మర్నాడు ప్రార్థన మందిరానికి పోయే ఇంకో పిల్ల తల్లి వచ్చి, ఆదాము హవ్వలు లేరని మా బిడ్డకు ఎట్లా చెబుతారని నిలదీసిందట. ఏ పండుగకూ ఒకరి గడప ఒకరు తొక్కని ఆ ఇద్దరూ ఈ ఒక్క పాఠం దగ్గర భలే కలిశారు. యాజమాన్యం ఎవరితోనూ వాదించలేదు. "ఎందుకమ్మా లొల్లి, అది ఇంట్ల సదువుకొమ్మను, నువ్వు తర్వాత పాఠంలకు పో," అన్నారట. అంతగా చెప్పాలనుంటే ఇట్లా చెప్పమని చేప, తాబేలు, వరాహం వరుసగా ఉన్న దశావతారాల బొమ్మ ఒకటి ఫోన్‌కు పంపారట. మనవాళ్లు ఎప్పుడో చెప్పిందే కదా, ఇట్లా చెబితే ఎవరూ ఏమీ అనరు అని కింద రాసి మరీ పంపారట.

"మీరైతే ఏం చేస్తుంటిరి మేడం?" అని అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. రజిత మీద కాదు. రిటైరయ్యేదాకా ఆ పాఠం ఏటా చెప్పినదాన్ని నేను. ఒక్క ఏడు కూడా దాన్ని ఎగ్గొట్టలేదు, కుదించలేదు, ఏ అవతారం వెనకా దాచలేదు. చెప్పనియ్యకపోతే ఊరుకునేదాన్నీ కాదు. ఈ మొండితనం నాకు డిగ్రీలతో రాలేదు. చిన్నప్పుడు కాశిబుగ్గలో నేనొక మాట అననందుకు మా ఇల్లు పడ్డ పాట్ల నుంచి వచ్చింది. ఆ ముచ్చటే రజితకు చెప్పాను. ఆమె చాయ్ పూర్తిగా చల్లారిపోయింది, మళ్లీ పెట్టుకుని తాగాం.

మాది సాలె కులం. మా ఇల్లంటే ముందర మగ్గం గది, వెనక వంటిల్లు, ఆ రెంటి మధ్య మిగిలిన జాగాలో మేము. పొద్దున లేచేసరికి గంజి ఉడుకుతున్న వాసన వచ్చేది. మేం తాగే గంజి కాదు, నూలుకు పట్టించేది. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. అవ్వ ముందు నూలుకు వండి, ఆ తర్వాతే మాకు అన్నం పెట్టేది. మేం కాసేపు ఆగగలం గానీ నూలు ఆగదనేది. రంగు నీళ్లు పారి మా గుమ్మం ముందు మట్టి ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా ఉండేది. బాపు గుంత మగ్గంలో కాళ్లు దించి కూర్చున్నాడంటే తిండికి తప్ప ఆ చప్పుడు ఆగేది కాదు. నేను పుట్టి పెరిగింది, ఎక్కాలు నేర్చింది, పరీక్షలకు చదివింది అంతా ఆ చప్పుడులోనే. ఇప్పటికీ మరీ నిశ్శబ్దంగా ఉన్న గదిలో నాకు చదువు సాగదు. ఇప్పుడు ఆ వాడకు పోతే మగ్గం చప్పుడు వినపడే ఇల్లు వెతుక్కోవాలి.

బాపుకు మాటలు తక్కువ. నోట్లో నాలుక లేని మనిషని వాడలో అందరూ అనేవాళ్లు, అవ్వయితే మొహం మీదే అనేది. కానీ నిష్ఠ మాత్రం గట్టిది. తెల్లవారి స్నానం చేసి, జంధ్యం సరిచేసుకుని, గోడ మీది భావనారుషి ఫోటోకు దండం పెట్టుకున్నాకే గుంతలో కాలు పెట్టేవాడు. పోగుల మధ్య అటూ ఇటూ ఉరికే నాడెను ఎవరినీ దాటనిచ్చేవాడు కాదు. పొరపాటున కాలికి తగిలిందా, ఎంత చిన్న పిల్లలమైనా తీసి కళ్లకద్దుకోవాల్సిందే. మార్కండేయుడు చేసిన హోమంలో నుంచి భావనారుషి పుట్టాడు, విష్ణుమూర్తి బొడ్డు తామర తూడులో నుంచి నార తీసి దేవతలకు మొదటి బట్ట నేశాడు, ఆయన సంతానమే మనం. బాపుకు ఇది నమ్మకం అంటే కూడా సరిపోదు. తన తాత పేరు తనకెట్లా తెలుసో ఇదీ అట్లాగే తెలుసు. ఎవరైనా రుజువేదని అడిగితే ఆయనకు ఆ ప్రశ్నే అర్థమయ్యేది కాదు.

ఆ కథ చెప్పడానికి కొన్నేండ్లకు ఒకసారి కూనపులివాళ్లు వచ్చేవాళ్లు. సాలోళ్లకు తప్ప ఇంకెవరికీ కథ చెప్పని వాళ్లు. బట్ట మీద బొమ్మలు గీసిన పెద్ద పటం ఒకటి చుట్టగా చుట్టి భుజాన వేసుకొచ్చి, వాడ నడుమ ఖాళీ జాగాలో గుంజలు పాతి కట్టి, ఒక్కో వరుస విప్పుకుంటూ, కర్రతో చూపిస్తూ, మద్దెల మీద పాడుతూ రోజుల తరబడి చెప్పేవాళ్లు. ఎర్రటి నేల మీద పచ్చటి మొహాలు, పెద్ద పెద్ద కళ్లు, మంటలు. పటం విప్పే ముందు కొబ్బరికాయ కొట్టి ఊదు వేసేవాళ్లు. ఇక విప్పి ఉన్నంతసేపూ అది బొమ్మల గుడ్డ కాదు, దేవుడే. దాని ముందు చెప్పులతో నిలబడకూడదు, బీడీ ముట్టించకూడదు, అబద్ధం అసలే ఆడకూడదు. పటం ముందు అబద్ధమాడితే ఆ ఇంట్లో నూలు తెగుతూనే ఉంటుందని అనేవాళ్లు. ఎంతకూ తెగని తగాదాలుంటే పటం వచ్చేదాకా ఆపి, దాని ముందే తెంపేవాళ్లు. పెద్దమనుషుల ముందు అడ్డంగా బొంకినవాడు కూడా పటం ముందుకు రమ్మనేసరికి నీళ్లు నమిలేవాడు. ఆఖరి రోజు కథ ముగిశాక కులపెద్ద ఇంటింటి యజమానినీ పేరు పెట్టి పిలిచి తాంబూలం ఇచ్చేవాడు. అది అందుకున్నవాడే కులంలో మనిషి. పెండ్లికి పిలుపు, చావుకు భుజం, అన్నీ ఆ రెండు ఆకుల వెంట వచ్చేవే.

నేను పది పాసై కాలేజీలో చేరాను. మా వాడలో ఆడపిల్లను అంతదూరం చదివించడం అప్పటికి కొత్త. బాపు వెనకాడుతుంటే, పంపు మల్లేశం, మన వాడల ఒక డాక్టరుండాలె అని ధైర్యం చెప్పింది కులపెద్ద రాజమల్లు తాతే. ఆ మాట నేను మర్చిపోను, ఆయన మంచితనం దాచి కథ చెప్పడం నాకు ఇష్టం లేదు. కాలేజీలో జువాలజీ చెప్పే కరుణమ్మ మేడం డోర్నకల్ మనిషి. తండ్రి రైల్వేలో గార్డు చేసేవాడట. తెల్ల చీర, మోచేతుల దాకా జాకెట్టు, దగ్గరికొస్తే కొబ్బరినూనె వాసన. ఆదివారం చర్చి తప్పదు, మిగతా వారమంతా సుద్దముక్క తప్పదు. ఒకరోజు బోర్డు మీద గబ్బిలం రెక్క, తిమింగలం తెడ్డు, పిల్లి కాలు, మనిషి చెయ్యి వరుసగా గీసి, ఎవరి చెయ్యి వాళ్లు తడిమి చూసుకొమ్మంది. భుజం నుంచి మోచేతి దాకా ఒక ఎముక, మా మాటలో బొక్క. అక్కడి నుంచి మణికట్టు దాకా రెండు. తర్వాత రాళ్లలాగా చిన్న చిన్నవి. తర్వాత వేళ్లు. "ఎగిరేదానికి, ఈదేదానికి, ఉరికేదానికి, రాసేదానికి ఒక్కటే తీరు బొక్కలెందుకున్నయి?" అని అడిగి, జవాబు చెప్పకుండా గంట కొట్టేసరికి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం ఇంట్లో కోడికూర. నా పళ్లెంలో రెక్క ముక్క పడింది. తిని ఊరుకోకుండా కీలు దగ్గర విరిచి చూశాను. ఒకటి. తర్వాత రెండు. నా చెయ్యి చూసుకున్నాను, మళ్లీ పళ్లెంలోకి చూశాను. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "తినుమంటే గా బొక్కలతోని ఏం ఆటనే," అని అవ్వ కసిరింది. ఆమెకేం చెప్పను? ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఆ తర్వాత ఏ మెడల్‌లోనూ, ఏ శాలువాలోనూ దొరకలేదు. కోతి మనిషి అయిందని మేడం ఎన్నడూ చెప్పలేదు. ఎన్నెన్నో తరాల వెనక కోతికీ మనకూ పూర్వీకులు ఒకరేనంది, దాయాదులమంది. ఆ మాట నాకు బాగా నచ్చింది. మా కులంలో దాయాది అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఆ ఏడే పటం వచ్చింది. కథ చెప్పే నర్సయ్యకు ఒక అలవాటుండేది. హోమగుండంలో నుంచి భావనారుషి లేచే వరుస విప్పగానే మద్దెల ఆపించి, కర్ర మంటల మీద పెట్టి, "సాలె బిడ్డలు యాడ పుట్టిండ్రు?" అని అడిగేవాడు. "అగ్గిగుండంల!" అని వాడంతా ఒక్కసారి అరవాలి. చిన్నప్పుడు అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఆసారి నా గొంతు లేవలేదు. అయినా అంతమందిలో ఎవరూ గమనించేవాళ్లు కాదు, రాజమల్లు తాతకు నన్ను చూస్తే గర్వం పొంగకపోయి ఉంటే. "ఏ సరోజా, నువ్వు కాలేజి సదువుతాన్నవు గద, లేచి చెప్పు. పెద్ద సదువులల్ల కూడ గిదే ఉంటదని అందరికి తెల్వాలె," అన్నాడు.

లేచాను. "కథల అట్లనే ఉన్నది తాతా. సదువుల అట్ల లేదు," అన్నాను.

"మరెట్లున్నది?"

బొక్కల సంగతి చెబుదామని చెయ్యి చాపానో లేదో, వెనక నుంచి ఎవరో "కోతికి పుట్టినమని ఉన్నదట!" అని అరిచారు. మొదట నవ్వులు లేచాయి. అవి ఆగాక ఆడవాళ్ల వరుసలో నుంచి శాపనార్థాలు మొదలయ్యాయి. నర్సయ్య గబగబా తర్వాతి వరుస విప్పి పాట ఎత్తుకున్నాడు. రాజమల్లు తాత మొహం నల్లబడిపోయింది. ఆయన అందరి ముందు చూపించుకోవాలనుకున్న పిల్ల అందరి ముందే తలవంపులు తెచ్చింది.

పొద్దు వాలకముందే మా ఇంటికి వచ్చాడు. మంచం వాల్చితే కూర్చోలేదు. "మల్లేశం, పిల్ల నలుగుట్ల పటాన్ని చిన్న చేసింది. ఆఖరి రోజు పటం ముందట నిలబడి, నేను సదివింది తప్పు, కథనే నిజమని ఒక్క మాట అనుమను. అన్నదా, అయిపోయింది. అననంటదా, గా కాలేజి మాన్పియ్యి. రెండూ కాదంటే నీకు తాంబూలం లేదు." గుమ్మం దాకా పోయి తిరిగి చూసి, "గా సదువుకు పంపుమన్నది నేనే. గిది నేర్పుతరని తెలిస్తే అనకపోదును," అన్నాడు. బాపు నేల చూస్తూ నిలబడ్డాడు. చదువు మానడమంటే ఏమిటో నాకు తెలుసు. మా వాడలో నా ఈడు పిల్లలందరూ చేస్తున్న పనే, రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం, సంబంధం కుదిరేదాకా.

అవ్వ అరవలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పక్కన కూర్చుని తల దువ్వుతూ, "ఒక్క మాటనే గద బిడ్డా. నోటితోని అను, మనసుల ఏదన్న ఉంచుకో. ఎవ్వలకు తెలుస్తది?" అంది. చదువు నిలుస్తుంది, బాపు పరువు నిలుస్తుంది, మళ్లీ అందరం ఎప్పటిలాగే ఉంటాం. నిజంగానే ఒక్క మాట. నేను రాత్రింబవళ్లు దాన్ని నోట్లో వేసుకుని తిప్పాను, మింగుడు పడలేదు.

మర్నాడు చిన్నబాపు వచ్చాడు. బాపు తమ్ముడు, పేరు సత్తయ్య. కాజీపేట లోకోషెడ్డులో పని. గోళ్లలో మసి, ఒంటి నిండా సబ్బు వాసన, నోటి నిండా యూనియన్ మాటలు. దేవుడు లేడని జంధ్యం ఎప్పుడో తీసేశాడు, ఆ మీదట బాపుకూ ఆయనకూ పండుగలప్పుడు తప్ప మాటల్లేవు. విషయం తెలిసి ఉరుక్కుంటూ వచ్చాడు. "మంచి మోక దొరికింది బిడ్డా! పటమంత బూటకం, దేవుడంత బూటకమని అందరి ముందట అను. నీ ఎనక నేనుంట," అన్నాడు.

"బూటకమని నేనెప్పుడన్న చిన్నబాపు?"

"మరి కోతి మనిషైన ముచ్చట చెప్పినవట గద."

"కోతి మనిషి కాలేదు. అసలు నువ్వు గా పాఠం సదివినవా?"

"సదివేదేముంది, అందరికి తెలిసిందే గద!" అన్నాడు దర్జాగా. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆ పాఠం చదవకుండానే అబద్ధమని రాజమల్లు తాతకు తెలుసు, చదవకుండానే నిజమని చిన్నబాపుకు తెలుసు. ఇద్దరికీ నేను కావాలి, నా చేతిలోని కోడిరెక్క ఎవరికీ అక్కర్లేదు. ఆ రోజే అనుకున్నాను, నేను ఎవరి జెండా కర్రనూ కానని. ఇన్నేళ్లయినా ఆ మాట మీదే ఉన్నాను.

కరుణమ్మ మేడానికి చెప్పుకుంటే ఆమె ముందు బోర్డు తుడవడం పూర్తి చేసింది. "మా చర్చి సంఘపోల్లు కూడ నన్ను నిలబెట్టిండ్రమ్మా," అంది. మట్టితో మనిషిని చేశాడని ఆదివారం పాడతావు, సోమవారం ఇదేం చెబుతావు అని అడిగారట. "దేవుడు కండ్లిచ్చింది మూసుకోనీకి కాదన్న," అంది. విన్నారా మేడం అంటే, "లేదు. పిల్లలకు బైబిలు చెప్పే పని నా దగ్గర తీసేసుకున్నరు," అంది. చర్చికి పోవడం మాత్రం ఆమె మానలేదు. అందరూ చూస్తుండగా ముందు వరుసలోనే కూర్చునేది, అది నాకు తర్వాత తెలిసింది. నన్నేం చెయ్యమంటారని అడిగాను. "నేను చెప్ప. ఇల్లు నీది, మనుషులు నీవాళ్లు. కాని ఏది చేసినా తర్వాత ఏడ్వకు," అంది. ఓదారుస్తుందనుకుని పోయిన నాకు అప్పుడు కోపం వచ్చింది. ఇంతకంటే మంచి మాట ఆ తర్వాత నాకెవరూ చెప్పలేదు.

ఆఖరి రోజు పొద్దున్నే కొబ్బరికాయలు కొట్టారు. పటం చివరి వరుస విప్పి ఉంది, పులి మీద కూర్చున్న భావనారుషి, పక్కన సూర్యుడి బిడ్డ భద్రావతి. ఊదు పొగలో ఆ పెద్ద కళ్లు నన్నే చూస్తున్నట్టున్నాయి. ఆ కథంటే నాకు ప్రాణం. ఇప్పటికీ అంతే. దేవతలు బట్టల్లేక సిగ్గుపడితే సాలోడు పుట్టి మానం కాపాడాడని చెప్పుకున్న కులం మాది, అట్లాంటి కథ అల్లుకున్నవాళ్ల పిల్లనైనందుకు నాకు గర్వం. కథ కథగా నాకు చాలు. దాన్ని పాఠం మీద కర్రలాగా ఎత్తితేనే నాకు కాలుతుంది. రాజమల్లు తాత పిలిచాడు. మగవాళ్ల వరుసలో బాపు కండువా ఒళ్లో పరుచుకుని కూర్చున్నాడు, తాంబూలం అందుకోవడానికి అందరూ అట్లాగే కూర్చుంటారు. నేను పోయి పటం ముందు నిలబడ్డాను.

"అను బిడ్డా," అన్నాడు తాత. మెత్తగానే అన్నాడు.

"పటం ముందట అబద్ధమాడొద్దని మీరే నేర్పిండ్రు గద తాతా. నేను సదివింది తప్పని అంటే అది అబద్ధమైతది. నేననను."

వెనక నుంచి చిన్నబాపు గొంతు వినపడింది. "శభాష్! ఇగ పటమే అబద్ధమని అను!"

"అది కూడ అనను చిన్నబాపు," అన్నాను అటు తిరిగి.

రాజమల్లు తాత నర్సయ్య వైపు చూశాడు, ఏమన్నా చెబుతాడేమోనని. నర్సయ్య కర్ర కింద పెట్టి తల వంచుకున్నాడు. ఇక తాంబూలాలు మొదలయ్యాయి. ఒక్కొక్క పేరే పిలుస్తున్నారు. మా ఎడమ పక్క ఇల్లు పిలిచారు. తర్వాత మా కుడి పక్క ఇల్లు పిలిచారు. బాపు ఒళ్లోని కండువా మెల్లగా తీసి, మడిచి, భుజం మీద వేసుకున్నాడు. లేచి రాలేదు. చివరి పేరు దాకా అక్కడే కూర్చుని, పటం చుట్టేటప్పుడు అందరితోపాటు దండం పెట్టుకుని వచ్చాడు. ఆ మడిచిన కండువా చూసినప్పుడు నా గుండె పిండినట్టయింది. అయినా ఆ మాట అని ఉంటే బాగుండునని అనిపించలేదు. ఈ రెండూ ఒకేసారి ఒకే మనిషిలో ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది.

ఇంటికొచ్చాక అవ్వ ఏడుస్తూనే రాట్నం తెచ్చి నా ముందు పెట్టింది. "ఇగ సుట్టు," అంది. నేను ఎదురు చెప్పలేదు, పొద్దుగూకేదాకా కండెలు చుట్టాను. చదువు అయిపోయిందనే అనుకున్నాను. బాపు రోజూలాగే మగ్గం మీద కూర్చున్నాడు, నా వైపు చూడలేదు. మర్నాడు తెల్లవారి లేచి మళ్లీ రాట్నం ముందు కూర్చోబోతుంటే, బాపు సైకిల్ బయటికి తీసి వెనక సీటు కండువాతో తుడుస్తూ కనిపించాడు. "పుస్తకాలు తీసుకో," అన్నాడు. అవ్వ వంటింట్లో నుంచి ఉరికొచ్చింది. "తాంబూలం పాయె, ఇంక కాలేజెందుకయ్యా?" అని నెత్తి కొట్టుకుంది. "తాంబూలం పోయింది గనుకనే. అదీ పోయి, సదువూ పోతే ఇగ మనకు మిగిలేదేంది?" అన్నాడు బాపు. మా ఇంట్లో ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. హన్మకొండలో కాలేజీ దాకా తొక్కాడు. ఎత్తు వచ్చినచోట నేను దిగుతానంటే దిగనియ్యలేదు.

ఆ తర్వాత చాలా ఏండ్లు మమ్మల్ని ఎవరూ పిలవలేదు. పెండ్లి బాజాలు మా గుమ్మం దాటి పోయేవి, అవ్వ తలుపు దగ్గరగా వేసుకునేది. మా నాయనమ్మ పోయినప్పుడు వాడలో ఒక్క భుజం రాలేదు. చిన్నబాపు షెడ్డు నుంచి తోటి పనివాళ్లను తీసుకొస్తే వాళ్లు మోశారు. అందులో టోపీ పెట్టుకున్నవాళ్లున్నారు, సిలువ వేసుకున్నవాళ్లున్నారు, దేవుడే లేడనేవాళ్లున్నారు. బాపు ముందు నిప్పుకుండ పట్టుకుని మంత్రం చదువుకుంటూ నడిచాడు. అవ్వ నన్ను దెప్పడం మానడానికి చాలా కాలం పట్టింది. ఇదంతా చిన్న సంగతని నేను ఎవరికీ చెప్పను. ఒక మాట మీద నిలబడితే అంతా మంచే జరుగుతుందని చెప్పేవాళ్లను చూస్తే నాకు చిరాకు.

అయినా అప్పటికీ ఇప్పటికీ తూకం వేస్తే నాకు అప్పటి మనుషులే మేలనిపిస్తారు. రాజమల్లు తాత నన్ను నలుగురి ముందు నిలబెట్టి, చెప్పు, మనం ఎక్కడి నుంచి వచ్చాం అని అడిగాడు. అది పెద్ద ప్రశ్న అని ఆయనకు తెలుసు. నా జవాబుకు వణికాడంటే ఆ జవాబుకు విలువ ఇచ్చినట్టే. ఇప్పటివాళ్లు అడగనే అడగరు. తప్పని అనరు, ఒప్పని అనరు, తర్వాత పాఠంలోకి పొమ్మంటారు. ఇంకా తెలివైనవాళ్లు అంతా మన పురాణాల్లో ఎప్పుడో ఉందంటారు. ఆ బొమ్మలు నాకు రోజూ ఫోన్‌లో వస్తుంటాయి, తోటి లెక్చరర్లే పంపుతారు. చేప తర్వాత తాబేలు వచ్చిందని చూపించి చేతులు దులుపుకుంటారు గానీ, ఒక్కరు కూడా తమ చెయ్యి తడుముకుని చూడరు. మా తాతల కథను కథగా ఉండనియ్యరు, మేడం చెప్పిన పాఠాన్ని పాఠంగా ఉండనియ్యరు, రెండింటినీ కలిపి జావ కాచి పోస్తారు. నేను తాగను. బాపు నిష్ఠకు అది అవమానం, కరుణమ్మ మేడం సుద్దముక్కకు అది అవమానం.

"చెప్పు," అన్నాను రజితతో. "ఏమీ కాదని మాత్రం నేననను. అవుతుంది. చెప్పి ఏడ్వకు." ఆమె సోమవారం ఆ పాఠం చెప్పింది. పిల్లలందరితో చేతులు తడిమించిందట, క్లాసంతా గోలగోలగా ఒకటి, రెండు అని బొక్కలు లెక్కపెట్టుకున్నారట. సాయంత్రం ఫోన్ చేసినప్పుడు గొంతులో పాత గలగల కాస్త వినపడింది. గురువారం ఆఫీసు గదికి రమ్మన్నారట. నేనూ పోతున్నాను. నన్నెవరూ పిలవలేదు, అయినా పోయి ఆమె పక్క కుర్చీలో కూర్చుంటాను. ఎవరు మీరని అడిగితే, ఆమెకు ఈ పాఠం చెప్పింది నేనేనంటాను.

ఫోన్ పెట్టే ముందు రజిత అడిగింది, "మీ బాపు ఆఖరికి ఒప్పుకున్నడా మేడం?" లేదన్నాను. ఒప్పుకోలేదు. నాకు లెక్చరర్ ఉద్యోగం వచ్చిన రోజు మిఠాయి పట్టుకుని ఇంటికి పోతే, బాపు వీధిలో పొడుగ్గా నూలు సాగదీసి గంజి పట్టిస్తున్నాడు. "నువ్వు గూడ గదే పాఠం చెప్తవా?" అని అడిగాడు. చెప్త బాపు అన్నాను. "చెప్పు. నేనైతే అగ్గిల పుట్టిన," అని నవ్వాడు. ఆ నవ్వు చూసి, ఇన్నేళ్లూ అడగలేకపోయింది అడిగాను. ఆ రోజు పటం ముందు నేను తప్పని ఒప్పుకుంటే బాగుండునని అనుకున్నావా అని.

బాపు చేతిలో కుంచె ఆగింది. "లే బిడ్డా," అన్నాడు. "నువ్వు పోయి నిలబడ్డప్పుడు నా గుండె దడదడ కొట్టుకున్నది. నా తాంబూలం కోసమని నువ్వు యాడ పటం ముందట అబద్ధమాడుతవో అని."